ఈత వచ్చిన పిల్ల

"పథకం పేరు తర్వాత రాద్దువులే అమ్మీ. అది గవర్నమెంటోల్లు గోడగోడకూ రాసి పెట్టుకున్యారు. నువ్వు మొదట పాప పేరు రాయి. సుందరి. దీవెనమ్మ మనమరాలు. తొమ్మిదేండ్లు నిండలే దానికి. మా పేటలో జరిగింది నేను నిదానంగా చెప్తా, నువ్వు నీ సదువు మాటల్లో పెట్టుకుంటా రా. మాట మార్చుకుంటే మార్చుకో. జరిగింది మాత్రం మార్చాకు."

ఏటిగడ్డపల్లె జమ్మలమడుగుకు దిగువన, పెన్న ఒడ్డున ఉంటుంది. ఊరికి తూర్పున క్రైస్తవుల పేట. పేటలో రెండు వీధులు. మీది వీధి ఇసుక కాంట్రాక్టరు నాగమునిరెడ్డి పార్టీ. కింది వీధి తిరుపాలరెడ్డి పార్టీ. అవి పేటవాళ్ళు ఎంచుకున్న పార్టీలు కావు. తాతలు ఎవరి పొలంలో జీతమున్నారో మనవళ్ళు వాళ్ళ పార్టీ, అంతే. రెడ్లిద్దరూ ఒకరి మీద ఒకరు బాంబులు వేయించుకున్న ప్రతిసారీ ఆ బాంబుల సంచులు మోసింది పేట చేతులే, తెగి పడిందీ పేట చేతులే. చర్చిలో కూడా మీది వీధి కుడిపక్క, కింది వీధి ఎడమపక్క కూర్చునేది. ఒకే పాటను ఒకరి ముఖం ఒకరు చూడకుండా పాడేవాళ్ళు.

ఏరు ఎండిందంటే నాగమునిరెడ్డి ప్రొక్లెయిన్లు ఏట్లోకి దిగేవి. ఇసుక లారీలు దుమ్ము లేపుకుంటూ ఎర్రగుంట్ల దారిన పోయేవి. తోడిన చోటల్లా తాటిచెట్టు మునిగేంత గుంతలు. వేసవిలో ప్రొద్దుటూరు తాగునీళ్ళ కోసం మైలవరం డ్యాం గేట్లు ఎత్తితే ఆ గుంతలు నిండేవి. పైకి మాత్రం మోకాటిలోతు నీళ్ళలాగే కనిపించేవి. ఒక వేసవిలో పక్క ఊళ్ళ పిల్లలు అట్లా పోయారు. గుంతలు పూడ్చమని జనం అడిగారు. ప్రభుత్వం ఆలోచించింది. గుంతల జోలికి పోకుండా, చిన్నపిల్లలకు ఈత నేర్పిస్తే సరిపోతుందని తేల్చింది. పిల్లకింత అని సబ్సిడీ పెట్టింది. ఆ కాంట్రాక్టు ఎవరికి వచ్చిందని వేరే అడగాలా? ప్రొద్దుటూరులో నాగమునిరెడ్డి కొత్తగా కట్టించిన కళ్యాణమంటపం వెనక ఈతకొలను ఉంది. గుంత తవ్విన డబ్బూ ఆయనకే, ఆ గుంతలో మునగకుండా నేర్పే డబ్బూ ఆయనకే.

పేటలో మీది వీధి పిల్లలనే లారీ ఎక్కించారు. ఓటు వేయని వీధి పిల్లలు మునిగినా తేలినా నాగమునిరెడ్డికి పట్టలేదు. లారీ వచ్చిన రోజు మీది వీధి ఇల్లిల్లూ పండగ చేసుకుంది. టౌనుకు పోతున్నారు, ఆఫీసర్లు వస్తారట, ఫోటోలు తీస్తారట. తల్లులు ట్రంకుపెట్టెల్లోంచి క్రిస్మస్ బట్టలు బయటికి తీశారు. దీవెనమ్మ సుందరికి తెల్లగౌను వేసి, మేజోళ్ళూ బూట్లూ తొడిగి, రెండు జడలకూ ఎర్ర రిబ్బన్లు కట్టింది. నీళ్ళలో దిగబోయే పిల్లకు బూట్లెందుకని ఒక్కరికీ తోచలేదు. తోచడానికి, పేట పిల్లలు ఈదగా చూసినవాళ్ళెవరు? ఊళ్ళో పిల్లలు ఈత నేర్చుకునేది తిరుపాలరెడ్డి దిగుడుబావిలో. నడుముకు ఎండు సొరబుర్రలు కట్టుకుని మెట్ల మీదినుంచి దూకేవాళ్ళు. ఆ బావి పూడిక తీసేది మాత్రం పేటవాళ్ళు. నీళ్ళు లేనంత సేపూ వాళ్ళు దాని అడుగున ఉండవచ్చు. నీళ్ళు ఊరాక గట్టెక్కి తొంగిచూసినా తప్పే.

ప్రొద్దుటూరులో కొలను కాపలావాడు గౌన్లతో, నిక్కర్లతో నీళ్ళలోకి దిగనివ్వనన్నాడు. ఈత బట్టలు తెచ్చుకోవాలట. ఆఫీసరు వచ్చే వేళయింది. పిల్లలను కొలను అంచున వరసగా కూర్చోబెట్టి, బూట్లు విప్పించి, కాళ్ళు నీళ్ళలో పెట్టి ఆడించమన్నారు. ఈల ఊదారు. పిల్లలు ఆడించారు. ఫోటో తీశారు. ఆఫీసరు ఒక్కొక్కరి మెడలో నీలం రిబ్బను బిళ్ళ వేశాడు. బిళ్ళ మీద ఈదుతున్న చేప. తలా ఒక బిస్కెట్టు పొట్లం ఇచ్చి, పొద్దు వాలకముందే లారీ ఎక్కించి పంపేశారు.

దీవెనమ్మ ఆ బిళ్ళను తిప్పి తిప్పి చూసింది. ఒక్క పూటలో ఈత ఎట్లా వచ్చిందని మనవరాలిని అడిగింది.

"కాళ్ళు గట్టిగా ఆడిస్తే చాలంట జేజీ. అందరికన్నా నేనే బాగా ఆడించినానంట" అంది సుందరి.

దీవెనమ్మ నమ్మింది. ఎందుకు నమ్మిందంటే, వెనకటికి మిషను దొరసాని పేటలో అందరికీ చేతి మీద సూది గీకితే మశూచి రాకుండా పోయిందని ఆమె తల్లి చెప్పేది. గీకిన గీత ఎట్లా కాపాడుతుందో తల్లికి తెలియదు. కాపాడింది గదా. సర్కారు మెడలో వేసిన బిళ్ళ కూడా అట్లాంటిదే అయి ఉంటుందని అనుకుంది. సుందరి తల్లి నరసమ్మ పులివెందుల దగ్గర చీనీకాయ తోటల్లో కూలికి ఉండేది. పిల్లను చూసుకునే భారమంతా ముసలామెదే. అంతవరకూ సుందరిని ఏటి ఇసుక తొక్కనివ్వని మనిషి, ఆ వేసవిలో మేకలను తోలుకుని ఏటికి పొమ్మంది.

డ్యాం నీళ్ళు వదిలిన రోజు పిల్లలంతా ఏటి ఒడ్డునే ఉన్నారు. అక్కడా రెండు గుంపులే, వీధికొకటి. కింది వీధి ప్రకాశం కొడుకు శుభాకర్‌కు ఆరేళ్ళు. తప్పించుకున్న మేకపిల్ల వెంట నీళ్ళలోకి పోయాడు. రెండడుగులు ఇసుక తగిలింది. మూడో అడుగుకు అడుగు లేదు. కింది వీధి పిల్లలు ఏడుస్తూ ఇటు తిరిగి, మీకు బిళ్ళలున్నాయి గదా, మీకు ఈత వచ్చు గదా అన్నారు. సుందరి చేతిలో కర్ర కింద పెట్టింది.

"ఉండండి, నాకొచ్చు" అంది.

దిగింది. కాళ్ళు గట్టిగా ఆడించింది. నేర్పింది నేర్పినట్టు చేసింది. పిల్లవాడు ఆమె భుజాలు పట్టుకుని మీదికెక్కాడు. ఆమె మునుగుతూనే అతణ్ణి ఒడ్డుకేసి నెట్టింది. అతని చేతికి తుంగ దొరికింది. ఆమె చేతికి ఏమీ దొరకలేదు.

దగ్గర తోటలో మోటారు బాగుచేస్తున్న ఇస్మాయిల్ ఆ కేకలకు పరుగెత్తుకొచ్చాడు. బావుల్లోకి మునిగి మోటారు పైపుల కొసనుండే ఫుట్‌వాల్వులు విప్పడం అతని పని, నీళ్ళు అతనికి ఇల్లు. మొదటిసారి మునిగి ఖాళీ చేతులతో వచ్చాడు. మళ్ళీ మునిగాడు. పిల్లను తెచ్చి ఇసుకలో పడుకోబెట్టి, కడుపు మీద ఒత్తి ఒత్తి, చివరికి ఒడ్డున పడేసిన తలపాగా తెచ్చి ఆమె మీద కప్పాడు. రిబ్బను మెడకు అట్లాగే ఉంది. బిళ్ళ వీపుమీదికి తిరిగి ఉంది.

దీవెనమ్మ గుమ్మం ముందు పిల్లను దించిన కాసేపటికే నాగమునిరెడ్డి సుమో వచ్చింది. ఆయన దిగి, ముసలామె పక్కన మంచం కోడు మీద చేయి వేసి, మెల్లగా చెప్పాడు. పాప ఏట్లో పోలేదట. తిరుపాలరెడ్డి బావిలో పడిందట. పోలీసులొస్తే అట్లా చెప్పాలట. చెబితే నరసమ్మకు ప్రొద్దుటూరులో ఇల్లూ, మంటపంలో పనీ చూపిస్తాడట. ఆ సుమో మలుపు తిరిగిందో లేదో, కింది వీధి కొసన తిరుపాలరెడ్డి సుమో ఆగింది. ఆయన కబురు పంపాడు. శవాన్ని జమ్మలమడుగు రోడ్డు మీద పెట్టాలట. వాళ్ళ పార్టీ పెద్దలొస్తారట, పేపరువాళ్ళొస్తారట. నాగమునిని రోడ్డుకీడ్చే పని తనకు వదిలేయాలట.

ఇద్దరికీ పిల్ల కావాల్సి వచ్చింది. బతికున్నప్పుడు ఎవరికీ పట్టని పిల్ల.

దీవెనమ్మ పిల్లను ఇద్దరికీ ఇవ్వలేదు. అప్పుడు ప్రకాశం మీది వీధిలోకి వచ్చాడు. తిరుపాలరెడ్డి గడప కాసే మనిషి, సంచి మోసే మనిషి, ఆ వీధిలో కాలు పెట్టి ఎన్నేళ్ళయిందో. కొడుకును భుజాన వేసుకుని నడిచి వస్తుంటే మీది వీధి మగవాళ్ళు లేచి నిలబడ్డారు. ఒకడు కొడవలి కూడా తీశాడు. ప్రకాశం దాన్ని చూసి కూడా ఆగలేదు. కొడుకును దించి ముసలామె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"నా కొడుకు బతికినాడు అత్తా. నీ మనమరాలు పాయ. పెట్టె ఒక పక్క నన్ను మొయ్యనీ."

 దీవెనమ్మ శుభాకర్‌ను చూసింది. ఆ పిల్లవాడు వణుకుతూనే ఉన్నాడు, చొక్కా ఇంకా తడిగానే ఉంది.

"ముందు వానికి పొడి గుడ్డ కప్పండి" అంది. "నువ్వు తలకాడ పట్టు."

రెండు వీధులూ కలిసి పాతిపెట్టాయి. కలిసి పాతిపెట్టినంత మాత్రాన కలిసిపోయినట్టు కాదు. ఆ సాయంత్రం చర్చి ముందు కూర్చుంటే మాటకు మాట లేచింది. మీ పిల్లోడు నీళ్ళలో పడకుంటే మా పాప బతికేదని మీది వీధి అంది. బిళ్ళలు వేసుకుని మా ముందు ఊరేగినారు గదా, అనుభవించండని కింది వీధి అంది. దేవుడు ఇచ్చాడు, దేవుడు తీసుకున్నాడని పెద్దమనిషి ఒకాయన అన్నాడు. పులివెందుల నుంచి వచ్చి అప్పటిదాకా గోడకు ఆనుకుని కూర్చున్న నరసమ్మ ఆ మాటకు తల ఎత్తింది. దేవుడు ప్రొక్లెయిన్ పెట్టి తవ్వలేదు పెద్దప్పా అంది.

అప్పుడు దీవెనమ్మ లేచింది. సభలో మాట్లాడిన మనిషి కాదు. గొంతు కూడా పెద్దది కాదు.

"బిళ్ళను నమ్మింది నేను. ఏటికి పంపింది నేను. మీలో నమ్మనోల్లు ఎవురన్నా ఉంటే లెయ్యండి."

ఎవరూ లేవలేదు. కింది వీధిలో కూడా ఎవరూ లేవలేదు. వాళ్ళు ఏడ్చింది బిళ్ళ తమకు రాలేదనే గానీ, అది ఉత్తదని కాదు.

"చూసినారా. మన తాతల కాడ్నుంచి మనల్ని నీళ్ళకు దూరంగా పెట్టినారు. ఈత ఎట్లుంటాదో మనకు తెల్దు. అందుకే వాల్లు ఏది చూపిస్తే అది ఈత అనుకుంటిమి. మీది వీధీ అనుకున్యాది, కింది వీధీ అనుకున్యాది. ఇంగ ఏరు మల్లా వస్తాది. మిగిలిన పిల్లోల్ల సంగతి చెప్పండి."

ఆ రాత్రి ఎవరింటి పొయ్యీ సరిగా వెలగలేదు. తెల్లారి రెండు వీధులవాళ్ళూ ఒకే బస్సెక్కి జమ్మలమడుగు ఆఫీసుకు పోయారు. గుంతలు పూడ్చాలి, సబ్సిడీ ఉన్నది నిజమైతే ఊళ్ళో బావిలోనే నిజంగా నేర్పించాలి, ఇస్మాయిల్ నేర్పుతాడు, ఇదీ వాళ్ళు అడిగింది. ఆఫీసరు గోడకున్న ఫోటో చూపించాడు. తెల్లగౌనుతో కొలను అంచున సుందరి నవ్వుతూ ఉంది. నరసమ్మ ఆ ఫోటో చూడటం అదే మొదలు.

"శిక్షణ పూర్తయిన పాప అమ్మా ఈమె. ఈత వచ్చిన పిల్ల మునిగిపోతే ప్రభుత్వం ఏం చేయగలదు?" అన్నాడు ఆఫీసరు. కావాలని కఠినంగా అన్న మాట కాదు. అతనికి అది న్యాయంగానే తోచింది. బావి సంగతి అడిగితే, యజమాని ఒప్పుకుంటే చూద్దామన్నాడు.

యజమాని తిరుపాలరెడ్డి. నాగముని పేరు చెబితే పళ్ళు నూరే మనిషి. ఆయన తప్పక ఒప్పుకుంటాడని కింది వీధి నమ్మకం. ప్రకాశమే ముందు నడిచాడు. తిరుపాలరెడ్డి అరుగు మీద కూర్చుని అంతా విన్నాడు. నాగముని లారీలు తగలబెడదామంటే మనుషులనూ, కిరసనాయిలునూ ఇస్తానన్నాడు. కేసులైతే వకీలును పెడతానన్నాడు. బావి మాత్రం వేరే మాట అన్నాడు.

"ఇన్నేండ్లు నీ గడప కాసినా రెడ్డెప్పా" అన్నాడు ప్రకాశం. "నువ్వు పండుకుంటే నేను మేలుకున్యా. నీ మీద పడాల్సిన బాంబు మా తమ్మునిమీద పడె. నా కొడుకును నీ నీళ్ళల్లో దిగనీమంటే వేరే మాటయ్యిందా?"

"ఆ నీళ్ళు నా ఇంట్లోవాల్లు తాగుతారు రా."

"వాల్లు తాగే నీళ్ళకు పూడిక తీసింది ఎవురు?"

తిరుపాలరెడ్డి లేచి లోపలికి పోయాడు. ప్రకాశం కింది వీధికి పోలేదు, నేరుగా దీవెనమ్మ ఇంటికి పోయి కూర్చున్నాడు. రేపు పొద్దున బావిలో దిగుతున్నామని చెప్పాడు.

ఇస్మాయిల్ అడగగానే ఒప్పుకోలేదు. రైతుల మోటార్లు అతని బతుకు. రెడ్లు వద్దంటే ఎర్రగుంట్ల దాకా ఒక్క బావి గట్టూ తొక్కలేడు. తల వంచుకుని స్పానర్లు తుడుచుకుంటూ ఉంటే, అతని భార్య మహబూబ్‌బీ లోపలినుంచి అంది, ఆ రోజు నుంచి అన్నం సరిగా తినడంలేదు ఈయన, తీసుకుపోండప్పా, నీళ్ళలో దిగితేనన్నా బాగుపడతాడు. ఇస్మాయిల్ స్పానర్లు పక్కన పెట్టాడు.

పొద్దు పొడిచే వేళకు పేట పేటంతా బావి దగ్గర ఉంది. ముసలివాళ్ళు, చంటిబిడ్డల తల్లులు, కూలి మానుకున్న మగవాళ్ళు. గట్టు చుట్టూ రెండు వీధులవాళ్ళూ కలిసి చేతులు పట్టుకుని నిలబడ్డారు. తాము పారతో తీసిన బావిలో నీళ్ళు ఏ రంగులో ఉంటాయో చాలామంది అప్పుడే చూశారు. ఇస్మాయిల్ ముందు దిగాడు. ఒక్కొక్క పిల్లకూ సొరబుర్ర కట్టి, కడుపు కింద చేయి పెట్టి పట్టుకున్నాడు. చేతులు ముందు, కాళ్ళు తర్వాత, ఊపిరి బిగపట్టొద్దు అని చెబుతూ ఉన్నాడు. నీళ్ళు మింగిన పిల్లలు ఏడ్చారు. ఏడ్చినవాళ్ళే మళ్ళీ వంతు అడిగారు.

శుభాకర్ దిగనన్నాడు. ఆ రోజు తర్వాత ముఖం కడుక్కోవడానికి కూడా భయపడుతున్నాడు. దీవెనమ్మ చీర కుచ్చిళ్ళు దోపుకుని, పిల్లవాణ్ణి ఎత్తుకుని, ఒక్కొక్క మెట్టే దిగింది. నడుము లోతుకు వచ్చి ఆగింది. ఆమె జన్మలో అంత నీళ్ళలో దిగలేదు.

అప్పుడే సుమో వచ్చింది, వెనక పోలీసు జీపు. సుమోలోంచి తిరుపాలరెడ్డి దిగాడు. అవతలి తలుపు తీసుకుని నాగమునిరెడ్డి దిగాడు. ఆ ఇద్దరూ ఒక బండిలో కూర్చోగా ఊళ్ళో ఎవరూ చూసి ఎరగరు. గుంపులోంచి ఒక చేయి లేని ముసలివాడు నవ్వాడు.

"సంధి కుదిరినట్టుండాదే. మా చేతులు తెగినా కుదర్లే, మా పిల్లోల్లు తడిస్తే కుదిరె."

ఎస్సై మెట్ల దగ్గరికి వచ్చి అందరినీ బయటికి రమ్మన్నాడు. ఒకరి ఆస్తిలో చొరబడ్డారన్నాడు. ఎవరూ కదలలేదు. కానిస్టేబుల్ రెండు మెట్లు దిగి దీవెనమ్మ వైపు చేయి చాపాడు.

"ఉండు నాయనా" అంది ఆమె. "ఈ పిల్లోని వంతు ఇంగా కాలే."

కానిస్టేబుల్ ఎందుకో ఆగిపోయాడు. దీవెనమ్మ పిల్లవాణ్ణి నీళ్ళ మీద పడుకోబెట్టింది. వాడు ఆమె మెడ గట్టిగా పట్టుకుని అరిచాడు. ఆమె వాని వేళ్ళు విడిపించలేదు. వాడే విడిచేదాకా చెవిలో ఏదో చెబుతూ నిలబడింది. ఏం చెప్పిందో ఎవరికీ తెలియదు. వాడు విడిచాడు. ఆమె చేతుల్లోంచి ఇస్మాయిల్ చేతుల్లోకి, ఇద్దరు మనుషులు పట్టేంత దూరం, కాళ్ళూ చేతులూ కొట్టుకుంటూ పోయాడు. గట్టు మీద ఎవరూ చప్పట్లు కొట్టలేదు. నరసమ్మ మాత్రం కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది.

తర్వాత లాఠీలు లేచాయి. దీవెనమ్మనూ, ఇస్మాయిల్‌నూ, ప్రకాశాన్నీ తడిబట్టలతోనే జీపెక్కించారు. జీపు కదలకముందే తిరుపాలరెడ్డి మనుషులు వాడేసిన ఇంజను ఆయిలు డబ్బాలు తెచ్చి బావిలో కుమ్మరించారు, పైన కంపచెట్లు నరికి వేశారు. పేట పిల్లలు ఈదిన నీళ్ళు తన ఇంట్లోవాళ్ళు తాగకూడదని, తన నీళ్ళను తానే చంపుకున్నాడు.

మరునాడు నరసమ్మ తట్టా పారా తీసుకుని, నీళ్ళు తగ్గిన ఏటికి నడిచింది. వెనక రెండు వీధుల ఆడవాళ్ళు నడిచారు. సుందరి పోయిన గుంతలో మట్టి పోయడం మొదలుపెట్టారు. లారీలు వస్తే చక్రాల ముందు కూర్చున్నారు. కొట్టి లేపితే తెల్లారి మళ్ళీ వచ్చారు. ప్రొద్దుటూరు ధాన్యం మండీ హమాలీలు పనయ్యాక వచ్చి తట్టలు అందుకున్నారు, జమ్మలమడుగు కాలేజీ పిల్లలు వచ్చారు. నీళ్ళు మళ్ళీ వచ్చేలోగా ఆ గుంత పూడింది. ఒక్క గుంతే. కానీ ఆ మలుపులోకి లారీ మళ్ళీ దిగలేదు. పై ఊళ్ళ పేటలు ఈ మాట విని, వాళ్ళ గుంతల దగ్గర వాళ్ళు కూర్చున్నారు. ఒక ఊళ్ళో బావి గేటు తాళం కూడా పగిలింది.

దీవెనమ్మనూ ఇస్మాయిల్‌నూ కొన్నాళ్ళకు వదిలారు. ప్రకాశాన్ని వదల్లేదు. తిరుపాలరెడ్డి మోయించిన సంచులే ప్రకాశం ఇంట్లో దొరికినట్టు పాత బాంబుల కేసు పెట్టారు. సాక్ష్యం ఇద్దరు రెడ్ల మనుషులూ కలిసి చెప్పారు. కడప జైల్లో ఉండగానే జ్వరం వచ్చి పోయాడు. శవం వచ్చిన రోజు మీది వీధివాళ్ళు కింది వీధికి వచ్చారు. తలకాడ దీవెనమ్మ పట్టింది. ముసలామెకు బరువు ఆగలేదు, అయినా విడవలేదు.

"ఇంతే అమ్మీ, రాయాల్సింది. ఆ శుభాకర్ ఇప్పుడు తుమ్మలపల్లె గనిలో పనిచేస్తాండాడు. ఊరికి రాడు. ఒక పాపనూ, సొంత నాయననూ తానే పొట్టన పెట్టుకున్యానని వాని మనసులో పడిపాయ. అప్పుడు ఆరేండ్ల పిల్లోడు, ఏం తెలుస్తాది. ఎవురూ కూర్చోబెట్టి వానికి చెప్పలే. ఆదివారం వానికి సెలవు. బస్సెక్కి పోయి, ఎదురుగా కూర్చోని ఇదంతా సదివి వినిపించు. ఇద్దరు రెడ్ల పేర్లు వచ్చినకాడ గట్టిగా సదువు. వాడు లేచి పోతానంటే చెయ్యి పట్టుకో. బావిలో వాని వంతు కాడికి సదివిందాకా ఇడవాకు."